నిప్పుల మీది చేప

ఆమె మొహం మరిచిపోయాను గానీ చెయ్యి గుర్తుంది. పటాన్‌చెరులో ఇల్లిల్లూ తిరిగి యేసు కథ చెప్పే పెద్దమ్మ ఆమె. మా కిరాయి ఇంటి అరుగు మీద కూర్చుని సిలువ సంగతి రెండు మాటల్లో ముగించేది. చనిపోయి లేచిన యేసు సరస్సు ఒడ్డున శిష్యులకు చేపలు కాల్చిపెట్టిన చోట మాత్రం ఎంతకీ కదిలేది కాదు. ఆమె చెయ్యి గాలిలోనే చేపను తిరగేసేది.

"ఆయన్ని ఆపదల ఇడిసిపెట్టి ఉరికినోళ్లే ఆ శిష్యులు, బిడ్డా. ఎందుకు ఉరికిన్రని అడగలే. రాండ్రి, తినుండ్రి అన్నడు, గంతే."

ఫ్యాక్టరీ ఉద్యోగానికని మావారు నన్ను గోదావరి వైపు నుంచి తీసుకొచ్చిన కొత్త రోజులవి. ఒకసారి మాటా మాటా పెరిగి, ఆయన చెప్పకుండా వెళ్లిపోయారు. మూడోనాడు పొద్దున్నే గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డారు. పెద్దమ్మ అరుగు మీదే ఉంది.

అడగవలసినవన్నీ నా నోటి దాకా వచ్చాయి. ఇంతలో పెద్దమ్మ చెయ్యి నెమ్మదిగా చేపను తిరగేసింది.

"కాళ్లు కడుక్కోండి, అన్నం పెడతాను" అన్నాను.

మజ్జిగ పోసేలోగా ఎక్కడికెళ్లిందీ ఆయనే చెప్పేశారు. పెద్దమ్మ వెళ్లాక మెల్లగా అడిగారు.

"ఆవిడ చేతికేమైంది?"

"వంట చేస్తోంది" అన్నాను.