కల్లం అడిగితే కల్లు

నా తెలివితక్కువతనం గురించి ఇతరులు చెప్పేలోగా నేనే చెప్పుకోవడం మేలు. ఆర్థిక శాస్త్రంలో పెద్ద చదువు చదివి కోదాడలో ఆఫీసరుగా చేరిన కొత్తలో, నాకు వడ్డీ గురించి తెలిసినంత వడ్ల గురించి తెలియదు. గరిడేపల్లి వైపు ఊరి నుంచి ఒక రైతమ్మ అర్జీ తెచ్చింది. "మా ఊరికి కల్లం కావాలె" అని ఒకటే వాక్యం. పట్నంలో పుట్టి పెరిగిన నేను ఆ మాట ఎప్పుడూ వినలేదు. కల్లు అని రాయబోయి తప్పు రాసిందనుకున్నాను. అక్షరదోషాన్ని పెద్దమనసుతో క్షమించి, అర్జీని సూర్యాపేట ఆబ్కారీ ఆఫీసుకు పంపేశాను.

అక్కడి ఆఫీసరు దాన్ని తిప్పి పంపాడు. అడుగున ఆకుపచ్చ సిరాతో రాశాడు: "సదరు గ్రామంలో ప్రస్తుతానికి కల్లు కొరత లేదు."

అదే వారం రైతమ్మ మళ్లీ వచ్చింది. జవాబు చదివి వినిపిస్తే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"సారూ, నేను వడ్లు ఆరబోసుకునే జాగ అడిగితే నువ్వు తాగే జాగ సూపిస్తున్నవా?"

"కల్లమంటే అదా అమ్మా?"

"అదే మల్ల. గచ్చు ఏసిస్తే సాలు. ఇప్పుడు రోడ్డు మీద పోస్తున్నం. లారీలు తొక్కుకుంట పోతయి. వానొస్తే సగం కాల్వల పడ్తది. మిగిలింది మిర్యాలగూడ మిల్లుకు తీస్కపోతే పచ్చిగున్నయని వాపస్ పంపుతరు." నవ్వు ఆగిపోయింది. "గిట్లనే అయితే ఇగ పొలం కౌలుకిచ్చి కూలికి పోవుడే."

కట్టిస్తానన్నాను. కల్లం అన్న మాట కల్ల కాకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

బదిలీ అయిన చోటికల్లా ఆ అర్జీ నకలు నాతో వచ్చింది. ఏటా పై ఆఫీసుకు ఒక ఉత్తరం రాశాను. ఏటా "పరిశీలిస్తాం" అని వచ్చింది. వాళ్లు పరిశీలించడం మానలేదు, నేను రాయడం మానలేదు. చివరికి ప్రభుత్వానికి ఆర్థిక సలహాదారునయ్యాను. ఉద్యోగం పేరులోనే ఉంది: సలహా నాది, దారి వాళ్లది. మొదటి నివేదికలోనే కల్లాల గురించి ఒక పేరా పెట్టాను. అది ఆర్థిక శాఖలో ఒక పెద్దాఫీసరు బల్ల మీద ఆగింది. ఎవరో కాదు, ఆ ఆకుపచ్చ సిరా ఆఫీసరే. ఆబ్కారీ నుంచి ఎదిగి అక్కడికి చేరాడు.

"రండి కల్లు గారూ" అని పలకరించి, నా పేరా మీద అడ్డంగా గీత కొట్టాడు. "రోడ్లున్నాయి కదండీ, మళ్లీ కల్లాలెందుకు?"

నేను వాదించలేదు. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లర్లతో సమావేశం పెట్టించాను. కోదాడ మీదుగా ఇద్దరం ఒకే కారులో వెళ్లేట్టు చూసుకుని, డ్రైవరుకు గరిడేపల్లి దారి చెప్పాను.

మిట్టమధ్యాహ్నం ఆ ఊరి దగ్గర కారు ఆగింది. రోడ్డంతా వడ్లే.

"వేరే రోడ్డు లేదా?" అన్నాడాయన.

"సదరు గ్రామంలో ప్రస్తుతానికి రోడ్ల కొరత లేదు సర్. ఉన్నది ఇదొక్కటే."

ఆయన దిగాడు. రైతమ్మ కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టింది.

"సగం పొలం కౌలుకిచ్చిన సారూ. సగం నీ మాట మీద ఆపిన." తర్వాత ఆయన వైపు తిరిగింది. "సెప్పులిడిసి రా సారూ, తినే గింజలు."

ఆయన బూట్లు విప్పాడు. రెండడుగులు వేసి, ఎక్కడ మోపినా గింజలే కావడంతో మూడోది గాల్లోనే ఉంచి నిలబడ్డాడు. ఇంతలో వెనకనుంచి లారీ ఒకటి వచ్చి, వడ్ల అంచు తొక్కుకుంటూ పోయింది.  ఆమె చీపురు తెచ్చి, చెదిరిన గింజల్ని ఊడ్చుకోసాగింది. ఆయన ఒంటికాలి మీదే అదంతా చూశాడు.

మళ్లీ కారెక్కి మిర్యాలగూడ చేరాం. దిగేముందు, "ఆ పేరా మళ్లీ పంపండి" అన్నాడు.

ఉత్తర్వు ముసాయిదా నేనే రాశాను. ఆ ఊరి పేరు మొదట పెట్టాను. కబురు అందగానే, కౌలుకిచ్చిన సగం కూడా వచ్చే పంటకు వెనక్కి తీసుకుంటానని రైతమ్మ ఫోను చేయించింది. కల్లం అన్న చోటల్లా కల్లమే ఉందా అని మూడుసార్లు చూసుకుని, నకళ్లు పంపాల్సిన జాబితా చివర ఒక వాక్యం చేర్చి, సంతకానికి ఆయన ముందు పెట్టాను.

"ఆబ్కారీ ఆఫీసు, సూర్యాపేట: సదరు గ్రామంలో ఇకపై కల్లం కొరత ఉండదు."

ఆయన చాలాసేపు చదివాడు. తర్వాత ఆకుపచ్చ సిరా పెన్ను తీసి, దాని కిందే సంతకం పెట్టాడు.