మా బండిలో పప్పు ఉడికిన సాయంత్రం

మా నాయన పాత మినీ బస్సు కొన్న రోజు నుంచి ఇంట్లో ఒకే వాదన. ఆయన దాన్ని ఇల్లు అనేవాడు, అమ్మ లారీ అనేది. ఏదో బడి పిల్లలను ఏళ్ళ తరబడి మోసి అలిసిపోయిన బండి అది. ఇరవై ఏళ్ళు లారీ తోలిన నాయన, ఆరు నెలలపాటు ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్ల చొక్కా విప్పి, లుంగీ కట్టి అందులోకి దూరేవాడు. సీట్లు పీకేసి రెండు మంచాలు బిగించాడు. వెనక మూల ఒక బండ వేసి, దాని మీద ఒంటి పొయ్యి, కింద చిన్న సిలిండరు పెట్టాడు. పైన నలభై లీటర్ల ప్లాస్టిక్ తొట్టి, దానికొక కొళాయి. చర్చిలో మార్చేసిన పాత తెరలు అడిగి తెచ్చి కిటికీలకు కట్టాడు. అమ్మ మాత్రం మెట్టు ఎక్కలేదు. బడిలో రెండు వందల మంది పిల్లలకు మధ్యాహ్న భోజనం వండే మనిషి, ఆ ఒంటి పొయ్యిని కింది నుంచే చూసి నవ్వేది.

దసరా సెలవులకు కడపలోని పిన్ని ఇంటికి బండిలో పోదామని నాయన అడిగినప్పుడు ఆమె ఒక షరతు పెట్టింది. "ఒక దినం చూస్తా. దాంట్లో పప్పు ఉడికి, నేను కూసోని తింటే అది ఇల్లు. ల్యాకపోతే లారీనే. నంద్యాలాయన అడుగుతానే ఉండాడు, ఇచ్చేద్దువుగాని." నంద్యాలలో ఒకాయన టిఫిను బండి పెట్టుకోవడానికి దాన్ని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. నాయన సరేనన్నాడు. ఆ రోజంతా తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ తిరిగాడు.

ఇలాంటి బండిలో కర్నూలు నుంచి కడపకు రావాలనుకునేవారికి మా దారి చెబుతాను. కోడుమూరు దగ్గరి మా ఊర్లో ఉదయం ఐదున్నరకు బయలుదేరాం. అంతకుముందు అమ్మ మా చేదబావి నుంచి రెండు బిందెల నీళ్ళు తెచ్చి తొట్టిలో పోసింది. తొట్టి సగానికి కొంచెం తక్కువగా నిండింది. ఆ నీళ్ళలో కందిపప్పు కుక్కరులో మూడు విజిల్స్‌కు వెన్నలా అవుతుంది. బోరు నీళ్ళలో పది విజిల్స్ వేసినా పప్పు పప్పుగానే ఉంటుంది. మా వైపు పిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది, దూరం నుంచి వచ్చే మీకోసం రాస్తున్నాను.

కర్నూలు చేరేసరికి ఆరున్నర. అక్కడ రెండున్నర వేల రూపాయల డీజిలు పోయించాం, ట్యాంకులో ఉన్నదానితో కలిపి పోనూ రానూ సరిపోయింది. ఊరు దాటాక నేను మంచం మీద బోర్లా పడుకుని కిటికీకి గడ్డం ఆనించాను. ఇల్లు కదలకుండా ఉన్నట్టూ, ఊళ్ళే మమ్మల్ని చూడడానికి ఒకదాని వెనక ఒకటి వచ్చి పోతున్నట్టూ అనిపించింది. జొన్న చేలు వచ్చాయి, పత్తి చేలు వచ్చాయి, ఎర్రనేల వచ్చి కాసేపు కూర్చుని నల్లనేలకు చోటిచ్చి వెళ్ళింది. మేకుకు తగిలించిన గరిటె బండితో పాటు ఊగుతూ, మెల్లగా గిన్నెను తాకి, మళ్ళీ తాకింది. ఆ చప్పుడుకు ఒక మాట వెతికాను. నోట్‌బుక్కులో నాలుగు రాసి నాలుగూ కొట్టేశాను. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పటి నుంచి నాకిదే పని.

నంద్యాలలో ఎనిమిదిన్నరకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. ముగ్గురికీ నూట ఇరవై. పెద్ద బండ్లు నిలపడానికి ఊరి బయట, దారి పక్కనున్న హోటళ్ళే మేలు. అక్కడి నుంచి ఆళ్ళగడ్డ గంటకు పైగా పట్టింది. ఊరికి ముందు టైరులో గాలి చూపించుకోవడానికి ఒక పంక్చరు కొట్టు దగ్గర ఆగాం. ఆ కొట్టు పక్కన ఒక బోరు కొళాయి. ఎవరూ కట్టేయలేదు, లావు ధారగా నీళ్ళు ఊరికే పోతున్నాయి. వారానికి రెండుసార్లు కొళాయి వచ్చే ఊర్లో పెరిగినదాన్ని. నీళ్ళు వస్తున్నాయంటే ఇంట్లో బిందె, బకెట్టు, చెంబు, గ్లాసు, ఏదీ ఖాళీగా ఉండకూడదని నా చేతులకు చిన్నప్పుడే నేర్పారు. అమ్మ అటు తిరిగి కొట్టాయన భార్యతో మాట్లాడుతోంది. నేను బకెట్టు తీసుకుని, మూడుసార్లు తిరిగి, మా తొట్టిని మూతి దాకా నింపేశాను. బుద్ధిమంతురాలిననుకుని మూత కూడా గట్టిగా బిగించాను.

దిగువ అహోబిలం చేరేసరికి పదకొండున్నర దాటింది. బండి నిలపడానికి యాభై రూపాయలు తీసుకున్నారు. యాత్రికులు గుంపులుగా గుడి వైపు నడుస్తుంటే, మేము తెచ్చుకున్న పెరుగన్నం తిని, నల్లమల కొండల వైపు తలుపు తెరిచి పడుకున్నాం. తెరలు ఉబ్బి, కొండ కనిపించేది. తెరలు వాలి, కొండ పోయేది. చూస్తూ చూస్తూ ఏది నిద్రో ఏది కొండో తెలియకుండా పోయింది. కళ్ళు తెరిస్తే అమ్మ రెండో మంచం మీద పడుకుని గురక పెడుతోంది. నాయన మెట్టు మీద కూర్చుని, ఎవరైనా చప్పుడు చేస్తారేమోనని కాపలా కాస్తున్నాడు.

మూడు గంటలకు వెనక్కి ఆళ్ళగడ్డ వచ్చి, చాగలమర్రి, దువ్వూరు దాటి, ఐదు తర్వాత మైదుకూరుకు కొంచెం ఇవతల ఆగాం. అక్కడ దారి పక్కన ఒక చామంతి తోట. సాయంత్రపు ఎండలో పసుపంతా నేల మీదికి దిగినట్టుంది. తోట మనిషి పేరు ఓబులమ్మ, కొంగు నడుముకు చుట్టుకుని పూలు కోస్తోంది. ఈ రాత్రికి బండి నిలుపుకుంటామని నాయన అడిగితే, "గట్టు మీద నిలుపుకో అన్నా, చెట్లు మాత్రం తొక్కొద్దండి" అంది.

అమ్మ పప్పు కడిగి కుక్కరు పెట్టింది. మూడు విజిల్స్‌కు దించి మూత తీసి, గరిటెతో నొక్కింది. గింజ జారిపోయింది. మళ్ళీ పెట్టింది. ఆరు. ఎనిమిది. గింజలు గరిటె కింద గులకరాళ్ళలా దొర్లాయి. నాయన వంగి మంట చూశాడు, సిలిండరు కదిపాడు. అమ్మ గరిటె మేకుకు తగిలించి, "పొయ్యి ఇంతే, బండీ ఇంతే. చూసినావు గదా" అంది, కోపం లేకుండా. ఆ కోపం లేకపోవడమే ఆయన్ని కుదేలు చేసింది. బట్ట తీసుకుని పొయ్యి చుట్టూ మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు, అప్పుడే అప్పగించబోతున్నట్టు.

నాకు అప్పుడు బకెట్టు గుర్తొచ్చింది. "అమ్మా, పొయ్యిది కాదు తప్పు. పంక్చరు కొట్టు కాడ బోరు నీళ్ళు తొట్టిలో నేనే పోసినా."

"ఎన్ని?"

"నిండా."

ఆమె వంగి, మంచం కింది నుంచి ఇడ్లీ పాత్ర బయటికి లాగింది. మూత తీస్తే అంచు దాకా నీళ్ళు. అవే బోరు నీళ్ళు. నేను బకెట్టు పట్టుకుని వెనక తలుపు వైపు తిరుగుతున్నప్పుడు, ఆమె ముందు తలుపు నుంచి దిగి పాత్ర నింపుకుందట. నాయన గొంతు సవరించుకుని, డ్రైవరు సీటు వెనక రెండు క్యాన్లు ఉన్నాయని చెప్పాడు.

"నువ్వు కూడానా?" అంది అమ్మ.

"ఊరికే పోతాండె గదమే" అన్నాడు నాయన.

అమ్మ మంచం మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు ఓబులమ్మ పూలగంప దించి, సంగతేమిటని వచ్చింది. విని, "అయ్యో అక్కా, బోరు నీళ్ళకు పప్పు యాడుడుకుతాది? మా దిగుడుబాయి ఉండాది రా. మా ఊర్లో పెండ్లిండ్లకంతా ఈ నీళ్ళతోనే వండేది" అంది. ఇద్దరూ బిందె తీసుకుని చామంతుల మధ్య నడిచి వెళ్ళారు. తలలు మాత్రమే కనిపిస్తూ, పసుపు మీద తేలిపోతున్నట్టు. తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో అన్నీ మాట్లాడుకుని వచ్చారు.

ఈసారి కొత్త పప్పు, బావి నీళ్ళు. మొదటి విజిల్‌కు నాయన పొయ్యి దగ్గర నుంచి లేచి బయటికి పోయాడు. రెండోదానికి మెట్టు దగ్గర నిలబడ్డాడు. మూడోది వచ్చాక అమ్మ మూత తీసి, గరిటె వెనకవైపుతో ఒక్కసారి నొక్కింది. గింజ మెదిగిపోయింది. పోపుకు ఎండుమిరపకాయలు తుంచింది. దీపాలు పెట్టే వేళకు నలుగురం ఆ రెండు మంచాల మీద ఎదురెదురుగా కూర్చుని, మోకాళ్ళు తగులుతుంటే పప్పన్నం తిన్నాం. అమ్మ రెండోసారి వడ్డించుకుంది. ఓబులమ్మ చేతులు కడుక్కుంటూ, "మీ ఇల్లు యాడక్కా?" అని అడిగింది.

అమ్మ గిన్నెలు సర్దుతోంది. తల తిప్పలేదు. "కోడుమూరు కాడ ఒకటి ఉండాది. ఇంగొకటి ఇది."

నాయన వేళ్ళకు అంటిన ఆఖరి మెతుకు కూడా తిన్నాడు.

మరుసటి ఉదయం కడపకు గంట కూడా పట్టలేదు. దారిలో అమ్మ ముందు సీట్లో కూర్చుని, తెరలు కురచగా ఉన్నాయనీ, పొయ్యి పక్కన ఉప్పుడబ్బాకు ఒక అర కావాలనీ చెబుతూ వచ్చింది. నాయన అన్నిటికీ తలూపాడు. నేను వెనక పడుకుని గరిటె చప్పుడు వింటూ, దానికి మాట వెతకడం మానేశాను. అందమైన మాటలు పుస్తకాల్లో దొరుకుతాయనుకునేదాన్ని. కానీ ఆ ప్రయాణంలో నేను విన్నవాటిలో మంచి మాట, గిన్నెలు సర్దుతూ అటు తిరిగి నిలబడిన మనిషి అన్నది. అది రాసుకోలేదు, అవసరం పడలేదు. ఓబులమ్మ ఇచ్చిన చామంతులు కిటికీ దగ్గర ఊగుతూ కడప దాకా వచ్చాయి.

ఈ దారిలో వచ్చేవారికి ఒకటే సలహా. వంట నీళ్ళకు వేరే క్యాను పెట్టుకోండి, దాని మూతకు ఒక గుడ్డ కట్టి గుర్తు పెట్టండి, వాడుక నీళ్ళు అందులో కలపకండి. దారిలో కొళాయి ఎంత లావుగా పోతున్నా సరే, కట్టేసి ముందుకు సాగండి.