పాల గుడ్డతో గెలిచిన కేసు

ఈ రోజు నయాపూల్ కోర్టులో గెలిచాను. మా గల్లీలోని ఆసుపత్రి రోజంతా డీజిల్ జనరేటర్ నడుపుతుంది. ఆ పొగకే ఉబ్బసం ముదిరి నా బిడ్డ సుజాత పోయింది. అందుకే కేసు వేశాను.

"సాక్ష్యం ఏందమ్మా?" అని ఆసుపత్రి వకీలు నవ్వాడు.

మా ఇంట్లో పాలు వడగట్టే గుడ్డ తీసి చూపించాను. "ఒక్క దినం మా డాబా మీద ఆరేసిన, మీ జనరేటర్ పొగకు గిట్ల నల్లగైంది. గీ గుడ్డతోని వడగట్టిన పాలు తాగుతరా వకీల్ సాబ్?"

భూమిని వేడెక్కించే ఈ పొగ తగ్గించడం ఆసుపత్రి చేసే దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత అన్నారు జడ్జిగారు. సోలార్ పెట్టమని ఆర్డర్ ఇచ్చారు.

ఆ కాగితంలో నా పేరు పైన ఉంది, ఆసుపత్రి పేరు కింద ఉంది. బిడ్డ ఫోటో ముందు కూడబలుక్కుంటూ గట్టిగా చదివాను.

మీ గల్లీ ఆసుపత్రి పొగ ఎటు వదులుతోంది? చెప్పండి, కోర్టుకు దారి నేను చూపిస్తాను.