పావుగంట ఫల్గుణ

ఫల్గుణ ఆట ఆడించడంలో ఎంత మొనగాడో చెప్పడం కష్టం గానీ, ఆట ఆపడంలో మాత్రం అరకులోయ మొత్తం మీద ఆయనను మించినవాడు లేడు. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు ఆయన కోచ్. వయసు యాభై అయిదు. ఓ నాలుగెకరాల కాఫీ తోట, మండే ఎండలో కూడా నెత్తిన ఉన్ని టోపీ. జట్టు ఒక్క గోలు ముందుంటే చాలు, ఆయన గోల్‌కీపర్ బూటు లేసు ఊడిపోతుంది. అది కట్టుకునేలోపు ఇంకో పిల్లకు పిక్క పట్టేస్తుంది. ఆ పిక్క వదిలేలోపు బంతిలో గాలి తగ్గిందని అనుమానం వస్తుంది. ఆటకో పావుగంట ఇలా మాయం చేస్తాడని ఆయనకు పావుగంట ఫల్గుణ అని పేరు పడింది. అలా పిలిస్తే కోపం రాదు సరికదా, పలుకుతాడు.

ఈ పావుగంటలన్నీ వచ్చి పడేది రమణి నెత్తిన. ఆమె పార్వతీపురం పక్కనుంచి వచ్చిన డ్రిల్లు టీచరు, మన్యం కప్పుకు రిఫరీ. విజిలు ఎంత గట్టిదో మనిషీ అంత గట్టిది. మొదటి ఏడాది ఆమె ఫల్గుణను నిలదీసింది. ఆయన జేబులోంచి ప్లాస్టిక్ కవరులో చుట్టిన రూల్సు పుస్తకం తీసి చేతిలో పెట్టి, లేసు కట్టుకోకూడదని ఎక్కడుందో చూపించమన్నాడు. ఆ రాత్రి రమణి పుస్తకమంతా తిరగేసింది. కాలయాపన చేస్తే కార్డు ఇవ్వమని ఉంది. ఊడిన లేసు కట్టుకోవడం కాలయాపన అని మాత్రం లేదు. ఆ లేసు ఊడిందా, ఊడదీశారా అన్నది ఏ పుస్తకంలోనూ దొరికే సంగతి కాదు.

డిసెంబరులో ఒక పొద్దుటి ఆటకు ఫల్గుణ తన జట్టుకు తెల్ల చొక్కాలు, తెల్ల నిక్కర్లు, తెల్ల మేజోళ్లు తొడిగి పొగమంచులోకి వదిలాడు. అవతలి పిల్లలు ఎవరిని అడ్డుకోవాలో తెలియక ఒకరినొకరు అడ్డుకున్నారు. అరకు జట్టు ఒక్క గోలుతో గెలిచింది గానీ, ఆ గోలు ఎవరు కొట్టారో ఇప్పటికీ తేలలేదు.

ఇంకోసారి అవతలి జట్టుకు పెనాల్టీ దొరికితే, గోలు వెనక థింసా డప్పులు వాయింపించాడు. ఈ కొండల్లో పుట్టిన పాదం ఆ డప్పు వింటే ఊరుకోదు. బంతి తన్నబోయిన పిల్ల రెండడుగులు ముందుకు, ఒకడుగు పక్కకు వేసి, నడుము ఊపి, బంతిని కాఫీ తోటలోకి పంపింది. ఆ కిటుకే పోయినేడు ఫైనల్లో ఆయన కొంప ముంచింది. పెనాల్టీ అరకుకే వచ్చిందని డప్పుల వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు అలవాటు కొద్దీ అందుకున్నారు. కెప్టెన్ రత్న చక్కగా అడుగులు కలిపి, బంతిని గోల్‌కీపర్ చేతుల్లో పెట్టింది. కప్పు వరుసగా నాలుగోసారి డొంకరాయి జట్టుకు పోయింది.

ఇన్ని వేషాలు వేసేవాడికి మోసం అంటే మాత్రం ఒళ్లు మంట. ఒకసారి ఆయన జట్టు పిల్ల బంతిని చేత్తో గోల్లోకి నెట్టింది. రమణి చూడలేదు, గోలు ఇచ్చేసింది. ఫల్గుణే పరుగెత్తుకొచ్చి, అది చెయ్యి అని చెప్పి రద్దు చేయించాడు. అదేమిటండీ అని రమణి నోరు వెళ్లబెడితే, మామూలు విషయం చెప్పినట్టే చెప్పాడు.

"సేత్తో కొడితే దొంగతనం మేడమ్. లేసు కట్టుకుంటే ఆట."

ఆ తేడా వివరించడానికి ఆయన నాలుగు నిమిషాలు తీసుకున్నాడు. అప్పటికి అరకు ఒక గోలు ముందుంది మరి.

డొంకరాయి కోచ్ ధనుంజయ్ కూడా తక్కువవాడు కాదు. కుర్రతనంలో ఫల్గుణా ఆయనా ఒకే జట్టులో ఆడారు. ఎవరు ఎవరికి బంతి అందించలేదో అన్న తగువు ముప్పై ఏళ్లుగా నడుస్తోంది. ఎదురుపడితే పలకరింపులకు ముందే తిట్టుకుంటారు.

ఈ ఏడాది ఫైనల్ కూడా వాళ్లిద్దరి జట్లకే పడింది. ఆడపిల్లలకు నెలజీతం ఇచ్చి ఆడించే విశాఖ క్లబ్బు ఒకటి తన సెలెక్టర్‌ను పంపింది. అరకు జట్టును సెమీ ఫైనల్లోనే చూసి ఆయన రత్న పేరు రాసుకున్నాడు. ఇంకొక్క చోటే ఉంది. డొంకరాయి గోల్‌కీపర్ చిట్టి ఆట చూసి, నచ్చితే తీసుకుని, మధ్యాహ్నం కిరండోల్ రైలెక్కి విశాఖ దిగిపోవాలని వచ్చాడు. చిట్టి కూలికి పోతూ ఆడే పిల్ల. ఈ రోజు ఆడకపోతే ఆమెకు మళ్లీ ఇలాంటి రోజు రాదని మైదానంలో అందరికీ తెలుసు.

ఆట పదకొండు గంటలకు. ముందు రాత్రంతా వాన. పదకొండయింది, డొంకరాయి జట్టు జాడ లేదు, ఫోన్లు కలవడం లేదు.

రమణి ఫల్గుణను పిలిచి రూలు చెప్పింది. ఆయన జట్టు పదకొండు మందీ గీత మీద నిలబడితే, అక్కణ్ణుంచి అవతలివాళ్లకు పావుగంట గడువు. అప్పటికీ రాకపోతే కప్పు అరకుది. పన్నెండు దాటినా ఏ జట్టూ సిద్ధంగా లేకపోతే రెంటినీ తీసేసి కప్పు పెట్టెలో పెట్టేస్తారు. నాలుగేళ్లుగా ఓడుతున్న మనిషి ఎగిరి గంతేస్తాడని ఆమె అనుకుంది. ఆయన బుద్ధిగా తలూపి, పిల్లల్ని బేగి నిలబెడతానని వెళ్లాడు.

పదిమంది నిలబడ్డారు. పదకొండో పిల్ల లేసు ఊడింది. అది బిగించాక ఇంకో పిల్లకు పిక్క పట్టేసింది. రమణికి నవ్వొచ్చింది. అలవాటైన చెయ్యి, పాపం ఊరుకోదు అనుకుంది.

ఇంతలో సెలెక్టర్ గారికి స్వాగతం అంటూ డప్పులు మోగాయి. ఊరి ముసలమ్మలు వరుసగా వచ్చి, జట్టు పిల్లల నడుముల చుట్టూ చేతులు వేసి థింసాలోకి లాక్కున్నారు. పెద్దవాళ్లు మొదలుపెట్టిన ఆటను మధ్యలో తెంపడం ఇక్కడి పద్ధతి కాదు. గొలుసు మైదానమంతా తిరిగింది. సెలెక్టర్ కూడా అందులో చిక్కుకుని, ఓ చుట్టు తిరిగాక సరదా పడి రెండో చుట్టు తానే అడిగాడు. డప్పులు ఆగేసరికి పదకొండూ నలభై.

అప్పుడు గోలు నెట్టుకు చిల్లు ఉందని ఫల్గుణే చూపించాడు. అది నిజమే, రెండేళ్లుగా ఉంది. గోల్‌కీపర్ సూదీ దారం పట్టుకు కూర్చుంది. అంతలో ఉన్న ఒక్క బంతీ కాలు తగిలి పల్లంలో పారే గెడ్డలోకి దొర్లిపోతే, రత్నా ఇంకో పిల్లా దాని వెంట దిగారు.

పదకొండూ యాభైకి రమణి ఓపిక అయిపోయింది. ఇంకో పది నిమిషాలే ఉన్నాయనీ, ఆ తర్వాత అరకు జట్టును కూడా తీసేయక తప్పదనీ చెప్పింది.

"మీకు కప్పు వద్దా ఫల్గుణ గారూ?"

ఆయన జేబులోని పుస్తకం జోలికి పోలేదు. టోపీ తీసి దానితోనే మొహం తుడుచుకున్నాడు.

"కావాల మేడమ్. నాలుగేళ్ల నుంచి కావాల."

చూపు మాత్రం పాడేరు నుంచి వచ్చే రోడ్డు మీదే ఉంది. ఈ మనిషికి ఏమైందో రమణికి అర్థం కాలేదు. కోపం పోయి జాలేసింది.

పన్నెండుకు నాలుగు నిమిషాలుందనగా ఒక కూరగాయల వ్యాన్ గసపోసుకుంటూ మైదానంలోకి వచ్చింది. వెనక తలుపు తీస్తే, క్యాబేజీల మీంచి డొంకరాయి జట్టు దిగింది. మోకాళ్ల దాకా బురద. ఘాట్‌లో కొండ విరిగి రోడ్డు మీద పడితే, పిల్లలు బస్సు దిగి రాళ్ల మీంచి పాకుతూ ఇవతలికి వచ్చారట. ఇవతల ఈ వ్యాన్ వాళ్ల కోసమే ఎదురు చూస్తూ ఉందట. డ్రైవర్ సీటులోంచి గాసి దిగాడు. గాసి ఫల్గుణకు సొంత బావమరిది.

గెడ్డలో ఎంతకీ దొరకని బంతి ఆ నిమిషంలోనే దొరికింది. నెట్టు చిల్లు మూతపడింది. అరకు పిల్లలు పదకొండు మందీ గీత మీద నిలబడ్డారు, ఒక్కరి లేసూ ఊడలేదు. రమణి వాళ్లను చూసి, వ్యాన్‌ను చూసి, ఫల్గుణ వైపు తిరిగింది. తెల్లవారుజామున వాన చూసి గాసిని ఘాట్‌కు పంపింది ఆయనేనని ఇక చెప్పనక్కర్లేదు. ఆ మాట తనతో ముందే ఎందుకు అనలేదని మాత్రం అడిగింది.

"సెప్తే మీరేటి సేస్తారు? రూలు పక్కన పెట్టాల, నేకపోతే ఆ సిట్టి గుంట నోటికాడ కూడు తియ్యాల. ఆ రెండూ మీకు కష్టమే గదా. అందుకే ఆ కష్టమేదో నేనే పడ్డాను."

రమణికి మూడేళ్లుగా ఆయనకు చూపించిన పసుపు కార్డులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ సిగ్గు ఎంతోసేపు ఉండనివ్వలేదు ఆయన. డొంకరాయి పిల్లలు నీళ్లు తాగకముందే ఆట మొదలెట్టాలని రూల్సు పుస్తకం తీశాడు. అలిసిపోయిన జట్టుకు విశ్రాంతి ఇవ్వాలని ఏ పేజీలో ఉందో చూపించమన్నాడు. రమణి ఇరవై నిమిషాలు ఇచ్చి, నోరు మూసుకోమంది.

ధనుంజయ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. థాంక్స్ చెప్పే అలవాటు ఆ ఇద్దరి మధ్యా లేదు.

"మా గుంటలకి కళ్లు తిరగాలనే ఆ క్యాబేజీ కంపులో ఎక్కించినావు."

"క్యాబేజీ కూడదని రూల్లో నేదు" అన్నాడు ఫల్గుణ.

ఆట మాత్రం గొప్పగా సాగింది. చిట్టి మూడు గోల్స్ ఆపింది. అందులో ఒకటి రత్న తన్నింది, చిట్టి గాల్లో అడ్డంగా ఎగిరి వేలి కొసతో పక్కకు తోసింది. సెలెక్టర్ కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చోవడం మరచిపోయాడు. డొంకరాయి రెండు, అరకు ఒకటి. ఫల్గుణ ఐదోసారి ఓడిపోయి, ఉన్ని టోపీ నేలకేసి కొట్టి, ధనుంజయ్ వంశాన్ని పేరుపేరునా తిట్టాడు. రత్నా చిట్టీ ఒకే రైలుకు విశాఖ వెళ్తారని తెలిశాక టోపీ దులిపి పెట్టుకున్నాడు.

రమణి రిపోర్టు రాయడానికి కూర్చుంది. ఆలస్యానికి కారణం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. అబద్ధం రాసే మనిషి కాదామె. కాసేపు ఆలోచించి, అతిథికి స్వాగత నృత్యం, నెట్టుకు చిల్లు, బంతి గెడ్డలో పడుట అని రాసింది. ఫల్గుణ భుజం మీంచి తొంగిచూసి, రెండుసార్లు చదువుకున్నాడు.

"అబద్ధం ఒక్కటీ నేదు. అసలు సంగతీ నేదు. మీకు ఆట వచ్చీసినాది మేడమ్."

రమణి నవ్వు బిగపట్టుకుని, సంతకం పెట్టమని పెన్ను చేతికిచ్చింది. ఇద్దరు కోచ్‌లూ సంతకం చేస్తేనే కప్పు ఇవ్వాలని రూలు. ధనుంజయ్ తన సంతకం ఎప్పుడో గీకేసి, కప్పు కోసం చేతులు చాచి నిలబడి ఉన్నాడు. ఫల్గుణ కుర్చీ లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, పెన్ను పని చేస్తోందో లేదో అరచేతి మీద గీసి చూసుకుని, తన పేరులో మొదటి అక్షరం మొదలుపెట్టాడు.