తడి పాదాల పరీక్ష

మొన్న నాంపల్లి మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ ఆగిపోతే, ఎనభై దాటిన మా అన్న నాకంటే ముందే మెట్లన్నీ ఎక్కేసి, "ఏందే, ఇంకా గాడనే ఉన్నవ్?" అని పైనుంచి నవ్వాడు. ఆ కాళ్ళకేసి చూసి దేవుడికి దండం పెట్టుకున్నాను గానీ, అప్పటినుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు.

మా నాయన ఆబిడ్స్ దగ్గర ఒక కాలేజీకి మొట్టమొదటి ఫుట్‌బాల్ కోచ్. కుదురుగా కూర్చుని అన్నం తిన్న మనిషి కాదు. నన్ను బడికి పంపలేదు గానీ, వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే అక్షరాలన్నీ నేర్పాడు. ఆట ఉన్న రోజు పొద్దున్నే జట్టునంతా మా ఇంటికి పిలిచి, కాళ్ళు తడిపించి, ఆ వరండాలోని షాబాద్ బండల మీద నడిపించేవాడు. ఎవరి అడుగు ఎక్కడ సరిగా పడలేదో చూసి, ఎవరు నొప్పి దాస్తున్నారో పట్టేసేవాడు.

ఫైనల్ నాడు, ఆ జట్టులోనే ఆడే అన్న తడి అడుగుల్లో ఎడమ మడమ అచ్చు పడలేదు. జట్టుకు గోల్ కొట్టేదేమో అన్నే.

"ఒక్క ఆట నాయనా, కట్టు గట్టుకొని ఆడ్త."

"గా ఒక్క ఆటనే ఆడ్తవ్ బిడ్డా. ఇగ బతుకంత కుంటుకుంట తిరుగుతవ్."

"కప్పు రాకుంటే నౌకరీ పోతదని ప్రిన్సిపాల్ చెప్పనే చెప్పిండు గదయ్యా!" అని అమ్మ వంటింట్లోంచి అరిచింది. నాయన అన్నను ఇంట్లోనే వదిలి, మిగతా జట్టును తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చున్నాను గానీ, ఏమని మొక్కాలో తెలియలేదు. గెలిస్తే, తాను లేకున్నా గెలిచారన్న మాట, గోడవైపు తిరిగి పడుకున్న అన్నను కోస్తుంది. ఓడితే నాయన కొలువు పోతుంది. గుమ్మం దాకా వెళ్ళడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం, ఇదే పని. చివరికి అందరినీ చల్లగా చూడమని మాత్రం అడిగాను.

ఓడిపోయారు. నాయన సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణంలో చేరాడు. అన్న కాలు మానింది, మరుసటి ఏడు కెప్టెన్ కూడా అయ్యాడు, నాయనతో మాత్రం మాట లేదు. ఆట ఉన్న సాయంత్రాల్లో నాయన కాలేజీ గోడ బయట, ఛాతీ ఎత్తు గోడ వెంట అటూ ఇటూ నడుస్తూ చూసేవాడు. లోపలికి పోరాదా అని అమ్మ అంటే, "గీడికెల్లే మంచిగ కనవడ్తది" అనేవాడు. ఒకనాడు మేమూ వెంట ఉన్నాం. అన్న గోల్ కొట్టి, తోటివాళ్ళ వైపు కాక, సరాసరి ఆ గోడ దాకా పరుగెత్తుకొచ్చి నాయన చెయ్యి పట్టుకున్నాడు. అంతకన్నా నేనేం అడగగలను భగవంతుణ్ణి!

ఇప్పుడా మైదానం సగంలో బండ్లు నిలుపుతున్నారు. గోడ రెండు నిలువుల ఎత్తు లేచింది, పైన గాజు పెంకులు. మంచికే కట్టి ఉంటారు. లోపలికి వెళ్ళడానికి మొహం చెల్లని తండ్రి ఈ రోజుల్లో ఎక్కడ నిలబడి బిడ్డ ఆట చూసుకుంటాడో, అదే నాకు తోచదు.