ఏదీ పారేయని బావ

మా బావ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరూ ఆయన్ని "పనికొస్తుంది" అనే అంటారు. విరిగిన గొళ్లెం, తెగిన చెప్పు, బల్బు లేని టార్చి, ఏది పారేయబోయినా ఆయన నోట వచ్చే మాట అదే. ఇంటి వెనక రేకుల షెడ్డు నిండా డబ్బాలు, డబ్బాల నిండా తుప్పు. నేను దర్జీని. కత్తిరించిన ముక్కలన్నీ దాచుకుంటే మిషను పెట్టుకోవడానికి చోటుండదు బావా అని ఒకసారి చెప్పి చూశాను. "నీకేం తెలుసురా గుడ్డల బుర్ర" అన్నాడు. బావమరిదిగా పుట్టాక పడక తప్పుతుందా? పడ్డాను. అలాగని నోరు మూసుకున్నానని మాత్రం ఎవరూ అనలేరు.

ఆయన దాచినవాటిలోకెల్లా పెద్దది ట్రాక్టరు, వాళ్ల నాన్న కాలం నాటిది. అది స్టార్టయితే పొగకి వీధంతా దగ్గుతుంది. స్టార్టు కాకపోతే మా బావ వాగుడుకి చెవులు చిల్లులు పడతాయి.

ఈ ఏడు అక్క కాలువ పక్కన ఎకరం కౌలుకి తీసుకుని మొక్కజొన్న వేసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో తనదంటూ వేసుకున్న మొదటి పంట అది. "మీ అక్క సరదా తీరనీరా" అని బావ ఇకిలించాడే తప్ప చేలో కాలు పెట్టిన పాపాన పోలేదు. కలుపు తీసింది అక్క, నీళ్లు కట్టింది అక్క. కంకులు విరిచి చేలోనే కుప్ప పోసింది. ఇక ఇంటికి చేర్చడమే మిగిలింది.

సరిగ్గా ఆ రోజు పొద్దున్నే మబ్బు కమ్మింది. పక్క చేను ఆయన వచ్చి, "అమ్మా, మా బండి ఖాళీగానే ఉంది, మీ కంకులు దింపేసి పోతాను" అన్నాడు. అక్క నోరు తెరిచేలోపే బావ అడ్డుపడ్డాడు.

"ఏం, మాకు బండి లేదా? నిన్ననే కొత్త డీజిల్ ఫిల్టర్ వేశాను. తాళం తిప్పితే చాలు."

ఆయన తన దారిన తాను పోయాడు. బావ తాళం తిప్పాడు. ఇంజన్ రెండు మూలుగులు మూలిగి ఊరుకుంది.

ఇక చూడండి ఆ వైద్యం! బ్యాటరీ కొసలు గీకాడు. వైర్లు పీకి మళ్లీ బిగించాడు. డీజిల్ కల్తీదన్నాడు. చివరికి "డీజిల్ గొట్టంలో గాలి పట్టిందిరా" అని కనిపెట్టి, నట్టు వదులు చేసి, ఇంజన్ పక్కనుండే చేతి పంపు కొట్టి నురగంతా వదిలాడు. ఇంజన్ అందుకుంది. బావ నావైపు చూసి మీసం మీద చెయ్యి వేశాడో లేదో, టపటపమని ఆగిపోయింది. మళ్లీ పంపు, మళ్లీ నురగ, మళ్లీ అదే తంతు.

"ఎక్కడో గాలి లాగుతోంది" అన్నాడు.

"ఫిల్టర్ దగ్గర చూడు బావా."

"అది నేను బిగించిందిరా!"

అయిపోయింది. బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా ఆయన బిగించింది ఆయన విప్పడు. మిగతా గొట్టాలన్నీ విప్పి నేల మీద పరిచాడు. నాకు ఒళ్లు మండిపోతోంది. పైన ఉరుములు మొదలయ్యాయి.

కుప్ప మీద గోనెలు కప్పడానికి పోయిన అక్క పరుగున వచ్చింది. ఉన్న గోనెలు సగానికి కూడా చాలలేదట. ఆ పరిచిన సామానంతా ఒకసారి కలయజూసింది.

"ఏమండీ, కొత్త ఫిల్టర్‌తో రబ్బరు రింగు వచ్చిందా?"

"వచ్చింది, వేశాను."

"మరి పాత రింగు ఏం చేశారు?"

"అదీ బాగానే ఉంది కదే... కింద దాన్నీ ఉంచాను. రెండుంటే ఇంకా గట్టిగా ఉంటుందని."

ఇంజన్ గురించి మా అక్కకి ఓనమాలు తెలియవు. మొగుడి గురించి బాగా తెలుసు.

ఫిల్టర్ విప్పితే రెండు రింగులూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, పక్కకి జారి ఉన్నాయి. ఆ సందులోంచే గాలి దూరుతోంది. పాతది తీసేసి, గొట్టాలన్నీ బిగించి, గాలి వదిలేసరికి ఇంజన్ అందుకుంది, ఆగలేదు. వాన కూడా అప్పుడే అందుకుంది.

మేం చేరేసరికి చేను బురదగుంట. గోనెలు కొట్టుకుపోయాయి. తడిసిన కంకుల్ని చేతుల్తో ఏరి ట్రాక్టరు ట్రక్కులోకి ఎత్తాం. ఇంటికొచ్చి వసారాలో దింపుతుంటే బావ ఒక కంకి ఒలిచి, గింజని గోటితో నొక్కి చూశాడు.

"లాభం లేదే, బూజు పట్టేస్తుంది. పారేద్దాం."

చెవులారా విన్నాను. మూత లేని డబ్బానీ, డబ్బా లేని మూతనీ ప్రాణంలా చూసుకునే మనిషి అన్న మాట అది. నాకు కొట్టాలనిపించింది.

"ఇన్నాళ్లూ మీ తుక్కంతా భరించాను" అంది అక్క. "పారేయడానికి మీకు నా పంటే దొరికిందా?"

అంటూనే లోపలికి పోయింది. పరుపులు చుట్టి మూలకి తోసింది. మంచం ఎత్తి గోడకి ఆనించింది. రెండు గదుల్లోనూ కంకులు పరిచి ఫ్యాన్లు వేసింది. వసారాతో సహా ఇల్లంతా కంకులే. బావ కాళ్లు కడుక్కుని వచ్చి గడప దాటబోయాడు.

"తొక్కకండి" అంది అక్క, తలెత్తకుండానే.

బావ ఎత్తిన కాలు వెనక్కి తీసుకుని, చూరు కింద తడుస్తూ నిలబడ్డాడు.