సజ్జ మొలకల బీరు

బెంగళూరులో నేను పనిచేసిన బ్రూవరీ పెద్ద ఫ్యాక్టరీ కాదు. ఒక రెస్టారెంటులో, అద్దాల గోడకు అవతల నిలబెట్టిన కొన్ని స్టీలు ట్యాంకులు, అంతే. జనం బల్లల దగ్గర కూర్చుని ఆ అద్దాల్లోంచి మమ్మల్ని చూస్తూ తాగేవాళ్ళు. వాళ్ళకు కనిపించేది ట్యాంకుల మెరుపు. మాకు మిగిలేది కడుగుడు. పొద్దున్నే ఉడికిన ధాన్యం పిప్పిని పారతో తోడి, బస్తాలకెత్తి, ట్యాంకులు కడిగి, గొట్టాలు కడిగి, నేల కడిగి, సాయంత్రం రబ్బరు బూట్లు విప్పితే పాదాలు తెల్లగా నాని ముడతలు పడి ఉండేవి. నెల్లూరులో మైక్రోబయాలజీ చదివి ఆ పనికి వెళ్ళినవాణ్ణి. ల్యాబు కోటు వేసుకుని తిరుగుతాననుకున్నాను. నడుం నొప్పి మొదలయ్యాక ఆ సంగతి తలుచుకుంటే నవ్వు కూడా వచ్చేది కాదు.

అయినా అక్కడ ఏళ్ళ తరబడి ఉండిపోయానంటే రుచి వల్లే. గోధుమలతో చేసే బీరు మసకమసకగా, లేత పసుపు రంగులో ఉండేది. దానికి మాగిన అరటిపండు వాసన, ఆ వెనకే లవంగం కొరికినట్టు చిన్న ఘాటు. మేము అరటిపండూ వేయం, లవంగమూ వేయం. ఆ రెండు వాసనలూ ఈస్టు పుట్టించేవే. మాడ్చిన బార్లీతో చేసే నల్ల బీరు ఒకటి ఉండేది. నోట్లో పోసుకుంటే మొదట కాఫీ డికాషన్, తర్వాత ముదురు పాకం పట్టిన బెల్లం, మింగాక నాలుక మీద బూడిదలాంటి పొడిదనం. ఇంకొకటి చేదు బీరు. దానికి హాప్స్ అనే ఎండు పువ్వులు విదేశాల నుంచి వచ్చేవి. అరచేతిలో నలిపితే బత్తాయి తొక్కా, పచ్చి మామిడి జీడీ కలిసిన వాసన. ఆ చేదు వేపాకులా నోటిని పట్టుకుని కూర్చోదు. కాకరకాయ వేపుడులా ఇంకో ముద్ద అడుగుతుంది.

రోజూ ప్రతి ట్యాంకు నుంచీ చిన్న గ్లాసులో పట్టి, వాసన చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేసేవాణ్ణి. అది తాగడం కాదు, కూరలో ఉప్పు చూడటం లాంటిది. ఈ తేడా ఉదయగిరిలో ఉండే మా అక్కకు చెప్పి ఒప్పించడం నా వల్ల కాలేదు.

మాది వరికుంటపాడు దగ్గర పల్లె. తాతల నాటి నుంచీ బాప్టిస్టులం. మా సంఘంలో తాగేవాళ్ళు లేరని కాదు, తాగుతామని చెప్పుకునేవాళ్ళు లేరు. అమ్మా నాయనా పోయిన తర్వాత నాకు ఇల్లంటే అక్క ఇల్లే. అక్క అంగన్‌వాడీ టీచరు. చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద కూడా. బావ బస్సు కండక్టరు. ఉదయగిరి నుంచి నెల్లూరుకూ, మళ్ళీ నెల్లూరు నుంచి ఉదయగిరికీ రోజంతా నిలబడే ప్రయాణం చేసే మనిషి. నా ఉద్యోగం ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఎవరైనా అడిగితే బావ తలతిప్పి కిటికీలోంచి చూసేవాడు. అక్క మాత్రం "ఫుడ్డు కంపెనీ" అని చెప్పి మాట మార్చేది.

ఒక ఏడాది మా ఓనరు నన్ను పిలిచాడు. చిత్తూరు వైపు మనిషి, మంచివాడే గానీ స్థిమితం లేనివాడు. "ఊళ్ళో ఎక్కడికి పోయినా ఇదే గోధుమ బీరు, ఇదే నల్ల బీరు. మీ పక్క పండే ధాన్యంతో ఏమన్నా చెయ్యి చూద్దాం" అన్నాడు. నేను సజ్జలు అన్నాను. పెద్దగా ఆలోచించి అన్నది కాదు. చాలా నెలలుగా సెలవు లేదు. సజ్జల వంకతో ఊరికి వెళితే నాలుగు రోజులు ఒళ్ళు తెలియకుండా పడుకోవచ్చనిపించింది.

బెంగళూరులో రాత్రి బద్వేలు మీదుగా పోయే బస్సెక్కి పొద్దున్నే మర్రిపాడులో దిగాను. అప్పుడే కోతలైపోయాయి. ఒక రైతు కళ్ళంలో కొత్త సజ్జలు రెండు బస్తాలు కొన్నాను. పాల వ్యానులో వాటిని ఆత్మకూరు దాకా తెచ్చి, అక్కడ ఉదయగిరి బస్సు మీదికి ఎక్కించాను. అక్క ఇంటి ముందు దిగేసరికి నాకు నిలబడే ఓపిక కూడా లేదు.

"ఏందిరా ఇంత చిక్కిపోయినావు?" అంది అక్క. తర్వాత బస్తాలు చూసింది. "ఇయ్యేంది?"

"సజ్జలక్కా. మొలకెత్తించి మాల్టు చేయాల."

"ఎవురికి?"

"బీరుకి."

అక్క చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది. "మా సెంటర్లో పిల్లోళ్ళకి రాగులు మొలకెత్తించి జావ కాసి పోస్తా ఉండానురా నేను. నువ్వు అదే పని తాగేవాళ్ళ కోసం చేస్తావా? నా ఇంట్లో వొద్దు."

బావ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పుతున్నాడు. "మిద్దె మీద చేసుకుంటాడులే. మిద్దె ఇంట్లోకి రాదు గదా" అన్నాడు.

"మిద్దె కింద ఉండేది ఎవురంట?"

బావ చొక్కా కొక్కానికి తగిలించి స్నానానికి పోయాడు. అక్క అవుననలేదు, కాదనీ అనలేదు. అన్నం పెట్టింది. తిని, బస్తాలు మిద్దె మీదికి చేర్చాను.

సజ్జలు డ్రమ్ములో నానబెట్టి, నీళ్ళు వంపి, తడి గోనెపట్టాల మీద పలచగా పరిచి, మీద ఇంకో పట్టా కప్పాను. మొలక వచ్చేటప్పుడు గింజ వేడెక్కుతుంది. మధ్యమధ్యలో చేత్తో తిరగేయకపోతే బూజు పట్టి అంతా పోతుంది. రెండో రోజుకు ప్రతి గింజకూ తెల్లటి దారపు పోగులాంటి మొలక వచ్చింది. పట్టా ఎత్తితే అప్పుడే కోసిన దోసకాయ వాసన. పడుకోవడానికి వచ్చినవాణ్ణి, గంటగంటకూ మెట్లెక్కి దిగుతూనే ఉన్నాను. ఊరి పక్కనున్న దుర్గం కొండ మీద మబ్బు దిగి ఉందని చూశాను గానీ దాని సంగతి పట్టించుకోలేదు.

ఆరబెట్టాల్సిన రోజు మధ్యాహ్నం అన్నం తిని వసారాలో నడుం వాల్చాను. అంతే, ఒళ్ళు తెలియలేదు. లేచేసరికి వాన. పరుగెత్తుకుంటూ మిద్దె ఎక్కితే అక్క అక్కడ ఉంది. సెంటరు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గోనెపట్టా అంచులు నాలుగూ కలిపి మూటకట్టి ఈడుస్తోంది. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"అక్కా, నువ్వెందుకు..."

"నోరు మూసుకోని ఆ పక్క పట్టుకో. గింజ కుళ్ళిపోతా ఉంటే చూస్తా కూసోమంటావా? నీ బీరుకు చేస్తా ఉండాననుకోబాక. గింజకు చేస్తా ఉండాను."

ఇద్దరం మోసి వసారాలో పోశాం. వాయుగుండం అన్నారు, వాన తెరిపి ఇవ్వలేదు. ఫ్యాను కింద పరిచినా తడి ఆరలేదు. ఇక కట్టెల పొయ్యి మీద పెద్ద బాణలి పెట్టి, సన్నని సెగ మీద కొద్దికొద్దిగా పోసి కలుపుతూ ఆరబెట్టడమే దారి. సెగ ఎక్కువైతే మొలకలో ఉన్న సత్తువ చచ్చిపోతుంది, పిండి తీపిగా మారదు. ముగ్గురం వంతులేసుకున్నాం. బావ వంతులో డిపో నుంచి ఫోను వచ్చింది. మరుసటి రోజు డ్యూటీ గురించి గట్టిగా వాదులాడుతూ ఆయన గరిటె మర్చిపోయాడు. బాణలి అడుగు మాడింది. ఇల్లంతా వాసన.

"అయిపాయ" అన్నాడు బావ, దోషిలా. "పారేద్దామా?"

నాకు దాన్ని ఏరి పక్కకు పెట్టే ఓపిక కూడా లేదు. "మిగతా దాంట్లోనే కలిపెయ్ బావా" అన్నాను.

బయల్దేరే రోజు మాల్టు పనిచేస్తుందో లేదో చూద్దామని గుప్పెడు దంచి, గోరువెచ్చ కంటే కాస్త వేడెక్కువ ఉన్న నీళ్ళలో కలిపి మూతపెట్టాను. కాసేపయ్యాక గుడ్డలో వడకడితే చెరుకురసం రంగు నీళ్ళు వచ్చాయి. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"దీంట్లో మందుండాదా?"

"లేదక్కా. ఈస్టు కలిపి పులియబెడితేనే. ఇప్పుడిది ఉత్త తీపి నీళ్ళు."

గ్లాసు అందుకుంది. ఒక గుక్క తాగి ఆగింది, తర్వాత మిగిలింది మొత్తం తాగింది. చక్కెర తీపి కాదది. కంకిలో పాలు పోసుకున్న లేత గింజను నమిలితే వచ్చే తీపి, దాని అడుగున మాడు వాసన. అక్క మూతి తుడుచుకుని చాలా మామూలుగా అడిగింది. "బాగుండాది. ఇక్కడితో ఆపితే ఏం పోయిందిరా?"

నేను గ్లాసు అందుకుని కడిగి పెట్టాను. బస్తాలు ఆటోలో వేసుకుని బస్టాండుకు వెళ్ళిపోయాను.

బెంగళూరులో ఆ మాల్టుకు కొంత బార్లీ కలిపి ఒకే ఒక్క ట్యాంకు బీరు చేశాను. హాప్స్ తగ్గించేశాను, సజ్జ వాసనను అవి తొక్కేస్తాయని. పులిసి, తేరుకుని, గ్లాసులోకి వచ్చిన రోజున రంగు తోమిన రాగి చెంబులా ఉంది. మొదటి గుక్కలో సజ్జ రొట్టె కాలేటప్పటి వాసన, తర్వాత నిమ్మకాయ పిండీ పిండనట్టు కొంచెం పులుపు, మింగేశాక గొంతులో పొగ. ఆ రోజు మాత్రం ఉమ్మలేదు. మూలన నీళ్ళ డబ్బా బోర్లించి దాని మీద కూర్చుని గ్లాసంతా తాగాను. సంతోషమా అంటే చెప్పలేను. చాలా రోజుల తర్వాత కూర్చున్నట్టు అనిపించింది.

దాన్ని కొందరు సగం వదిలేసి పోయారు. కొందరు మళ్ళీ వెతుక్కుంటూ వచ్చారు. మోకాలి నొప్పికి డాక్టరును చూడటానికి బెంగళూరు వచ్చిన బావ కూడా ఒక సాయంత్రం బ్రూవరీకి వచ్చాడు. గ్లాసును టీ గ్లాసులా రెండు చేతుల్తో పట్టుకుని చిన్నచిన్నగా తాగాడు.

"మా అమ్మ సంగటి కెలికినాక కుండ అడుగున మాడు చెక్క ఉండేది. దానికి మేం అన్నదమ్ములం కొట్టుకునేవాళ్ళం. ఆ వాసన వచ్చాండాది దీంట్లో" అన్నాడు. గ్లాసు అడుగు చూసి, "మాడబెట్టింది నేనే గదా?" అన్నాడు.

"నువ్వే బావా."

ఆయన నవ్వాడు. మోకాలి మీద చెయ్యేసుకుని నొక్కుకుంటూ ఇంకో గ్లాసు అడిగాడు.

తర్వాతి దఫా సజ్జ మాల్టు మిల్లులో చేయించి తెప్పించాం. గింజలన్నీ ఒకే రంగు, ఎక్కడా మాడు లేదు. బీరు తప్పు పట్టడానికి ఏమీ లేకుండా వచ్చింది, కానీ చప్పగా. కావాలని కొంత మాడ్చి కలిపి చూశాను. బొగ్గు చేదు వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించే లోపే మేమున్న బిల్డింగును దాని యజమాని పడగొట్టి కొత్తది కడతానన్నాడు. మా ఓనరు ఇంకో చోటు కోసం తిరిగి తిరిగి చేతులెత్తేశాడు.

ట్యాంకులు అమ్ముడుపోయాయి. ఇవ్వడానికి ముందు వాటిలో మిగిలిన బీరంతా కాలువలోకి వదిలేయాల్సి వచ్చింది. వాల్వులు ఒక్కొక్కటే నేనే తిప్పాను. గోధుమ బీరు, నల్ల బీరు, చేదు బీరు, అన్నీ నేల మీద నురగ కట్టి కలిసిపోయి కాలువ జాలీ వైపు పారాయి. అరటిపండు వాసన, కాఫీ వాసన, బత్తాయి తొక్క వాసన, అన్నీ ఒకదాని మీద ఒకటి పడి చివరికి పుల్లటి వాసన ఒక్కటే మిగిలింది. అలవాటు కొద్దీ ఆ నేల కూడా కడిగాను. ఇక కడగనక్కర్లేదని తోటివాడు చెప్పేదాకా కడుగుతూనే ఉన్నాను.

ఉదయగిరి చేరాక ఎన్నో రోజులు నిద్రే. అక్క లేపలేదు. ఒక పొద్దున టీ ఇస్తూ, "నీ మనసులో ఉండేది చెప్పు" అంది.

"నువ్వు చెప్పినట్టే అయింది గదక్కా. ఇక్కడితో ఆగింది."

"ఆగింది. నువ్వు ఆపలేదు గదరా. దానికి నేనెందుకు సంతోషపడాల?" అంది. ఆమె నా పక్కన కూర్చుని తన టీ కూడా అక్కడే తాగింది. ఆ పూట సెంటరుకు ఆలస్యంగా వెళ్ళింది.

ఇప్పుడు ఆత్మకూరులో బస్టాండు వెనక వీధిలో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని పిండిమర పెట్టుకున్నాను. రాగులు, సజ్జలు మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి పట్టి, చిన్నపిల్లలకు జావ కాసి పోసే మాల్టుగా అమ్ముతున్నాను. బజారులో ఒక హోల్‌సేల్ కొట్టు సెట్టిగారు నా పిండి చిటికెడు నోట్లో వేసుకుని, "చక్కెర కలిపినావా ఏంది?" అని అడిగాడు.

"లేదు సెట్టిగారూ. మొలక తీపే."

"గిరాకీ అయితే ఉండాది. వారం వారం పంపీ" అన్నాడు.

పంపుతున్నాను. పని తగ్గలేదు. నానబెట్టడం, తిరగేయడం, ఎండకు పరచడం, మబ్బేస్తే ఎత్తడం. నడుం నొప్పి కూడా నాతోనే ఉంది. తేడా ఏమిటంటే ఇక్కడ నన్ను అద్దాల్లోంచి ఎవరూ చూడరు. మొన్న ఎండాకాలం నెల్లూరులో ఒక స్నేహితుడు సీసా బీరు పోసి ఇచ్చాడు. చల్లగా ఉంది. చల్లదనం తప్ప ఇంకేమన్నా దొరుకుతుందేమోనని రెండు మూడు సార్లు నోట్లో తిప్పి చూశాను. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టి, కబుర్లలో పడి మర్చిపోయాను.

ఈ రోజు మర సగంలో ఉండగా కరెంటు పోయింది. బయట లోడు లారీలు వరసగా పోతున్నాయి, షెడ్డు రేకులు అదురుతున్నాయి. ఒంటి నిండా పిండి. దులుపుకోవాలనిపించలేదు. బస్తాల మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాను. కరెంటు వస్తే మర దానంతటదే తిరుగుతుంది, ఆ చప్పుడుకు మెలకువ వస్తుంది.